లాభం ఏ దేశంల తేలాలె? ఆ లెక్క మన పిల్లలు నేర్వాలె

మొన్న మా ఊరి తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, బీకాం అయిపోయింది. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్‌ల కొలువులున్నయంటున్నరు. గదేం పని? మనసొంటోళ్లకు అయితదా?" అడిగింది ఒక్కడే గానీ, చానమందికి ఉన్న సందేహమే ఇది.

ముందు పని సంగతి చూద్దాం. ఒక అమెరికా కంపెనీకి హైదరాబాద్‌ల సొంత కంపెనీ ఉన్నదనుకోండ్రి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ రాసి అక్కడికి పంపుతరు. ఖర్చు 100 కోట్లు. దాని మీద 10 కోట్ల లాభం కలిపి బిల్లు ఏస్తరు. అమ్మేటోడు, కొనేటోడు ఒకే ఇంటోళ్లు. మరి బేరమాడేదెవలు? అదే పని చేసే బయటి కంపెనీలు నూటికి 15 లాభం తీస్తున్నయనుకోండ్రి. అప్పుడు ఇక్కడ చూపాల్సిన 5 కోట్లు దేశం దాటినట్టే. పన్ను పావు వంతు అనుకున్నా, సర్కారుకు కోటీ 25 లక్షలు తక్కువ పడ్డయి. బడికి, దవాఖానకు ఖర్చు పెట్టేది గా పైసలతోనే గదా.

అందుకే సంబంధం లేని ఇద్దరు బేరమాడుకుంటే ఏ ధర పలుకుతదో, ఆ ధరకే లెక్క గట్టాలని చట్టం. దాన్నే 'ఆర్మ్స్ లెంగ్త్ ప్రైస్' అంటరు. మన దేశంల దీనికి వివరమైన రూల్స్ 2001ల వచ్చినయి. 2021ల 130కి పైగా దేశాలు పెద్ద బహుళజాతి కంపెనీల మీద కనీసం 15 శాతం పన్ను పడాలని ఒప్పుకున్నయి. రూల్స్ పెరిగినకొద్దీ, ఆ లెక్క తెలిసినోళ్ల అవసరం పెరుగుతది.

రోజూ చేసే పనేంది? ఏ దేశపు కంపెనీ ఏం పని చేస్తున్నది, ఆస్తి ఎవలది, నష్టమొస్తే ఎవలు మోస్తరు అన్నది ఇంగ్లిష్‌ల రాయాలె. అసొంటి కంపెనీలను డేటాబేస్‌ల ఏరి, ఎక్సెల్‌ల లాభాలు పోల్చాలె. అక్టోబర్ నెలాఖరు గడువు దగ్గరికొస్తే రాత్రుల్లు గూడ పని తప్పదు.

తొవ్వలు రెండున్నయి. ఒకటి సీఏ. ఇంటర్ తర్వాత ఫౌండేషన్ రాయొచ్చు. బీకాంల 55 శాతం ఉంటే సీదా ఇంటర్మీడియట్ స్థాయిల చేరొచ్చు. తర్వాత రెండేండ్ల ఆర్టికల్‌షిప్. ఒక్క దెబ్బకు పాసయ్యేటోళ్లు తక్కువ, ఇంట్ల ఈ మాట ముందే చెప్పుండ్రి. రెండోది సర్కారు దిక్కు. సివిల్స్ రాసి ఐఆర్‌ఎస్ అయితే, కంపెనీలు చూపిన ధరలను తనిఖీ చేసే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఆఫీసర్ కావొచ్చు. ఏ డిగ్రీ ఉన్నా సీజీఎల్ పరీక్ష రాసి ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్‌గ గూడ ఆ శాఖల అడుగుపెట్టొచ్చు. మూడు నెలల కోర్సుతోని కొలువు పక్కా అని ఫీజు గుంజేటోళ్ల మాట మాత్రం నమ్మకుండ్రి.

తమ్మీ, చెల్లే, ఇంగ్లిష్ రాదని ఎనుకకు పోకుండ్రి. అది నేర్చుకుంటే వస్తది. కంపెనీ దిక్కు కూసుంటరో, సర్కారు దిక్కు కూసుంటరో మీ ఇష్టం. ఏ దిక్కున్నా సరైన ధర సరైనదే. ఈ లెక్క పట్నపోళ్లకే ఇడిసిపెడితే, మన పైసలు ఎటు పోతున్నయో అడిగెటోడు మన ఊర్లల్ల ఉండడు.