తుప్పు వదిలిస్తే... వస్తాదే!

ఊరి చివర పాత కొట్టంలో దుమ్ము కొట్టుకుపోయి, తుప్పు పట్టి, ఎలుకలు కాపురం పెట్టిన కారు. దాన్ని వేల డాలర్లు పోసి కొంటారు. మరిన్ని వేలు ఖర్చుపెట్టి బాగుచేస్తారు. ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ దానికే ధారపోస్తారు. తీరా తయారయ్యాక ఎండాకాలంలో నాలుగుసార్లు బయటికి తీస్తే గొప్ప! అమెరికాలో మజిల్ కార్ల ప్రేమికుల వరస ఇది. ఎందుకంత మోజు?

పేరులోనే ఉంది... కండల కారు. సూత్రం చాలా తేలిక. మధ్యరకం సైజు కారు, అందులో పెద్ద కారుకు పెట్టాల్సిన ఇంజిను, కుర్రాళ్లు కొనగలిగే ధర. రెండెడ్ల బండికి నాలుగెడ్లు కట్టినట్టన్నమాట!

దీని పుట్టుకే ఓ గడుసు కథ. 1963లో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నింటినీ కారు రేసుల జోలికి వెళ్లొద్దని ఆదేశించింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజిను పెట్టకూడదన్న నియమమూ ఉండేది. ఆ సంస్థలోని పాంటియాక్ విభాగంలో జాన్ డిలోరియన్ అనే ఇంజినీరు, ఆయన బృందం దానికో మార్గం కనిపెట్టారు. టెంపెస్ట్ అనే సాధారణ కారులో 389 ఘనపుటంగుళాల ఇంజిను దించారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల అనుమతి కావాలి. అందుకని 'జీటీఓ' పేరుతో 295 డాలర్ల అదనపు ప్యాకేజీ అన్నారు! 1964 మోడల్‌గా వచ్చిన ఆ కారు 5 వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. తొలి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి.

ఆ ఇంజిను ఎంత పెద్దదో తెలియాలంటే మన అంబాసిడర్‌ను గుర్తుచేసుకోవాలి. ఆ రోజుల్లో దాని ఇంజిను 1,489 సీసీ. జీటీఓది దాదాపు 6,400 సీసీ, 325 హార్స్‌పవర్!

పోటీ మొదలు

పాంటియాక్ విజయం చూసి మిగతా కంపెనీలు ఊరుకుంటాయా? ఎవరికి వారు కండలు పెంచారు. ప్లిమత్ కంపెనీ 1968లో 'రోడ్ రన్నర్' తెచ్చింది. కార్టూన్లలో పరుగులు తీసే పక్షి పేరు, బొమ్మ వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కు 50 వేల డాలర్లు కట్టింది. హారన్ మోగిస్తే ఆ పక్షి 'బీప్ బీప్' అన్నట్టే ఉండేది. క్రైస్లర్ వాళ్ల 'హెమీ' ఇంజిను 425 హార్స్‌పవర్ ఇస్తే, 1970లో షెవర్లే షెవెల్ ఏకంగా 450కి చేరింది.

కానీ ఆ జోరు పదేళ్లయినా నిలవలేదు. కుర్రాళ్లు వరసగా ప్రమాదాలు చేస్తుంటే బీమా కంపెనీలు ప్రీమియం అమాంతం పెంచేశాయి. 1970లో గాలి కాలుష్యాన్ని అరికట్టే చట్టం వచ్చింది. 1973లో అరబ్ దేశాలు చమురు ఎగుమతులు ఆపేయడంతో బంకుల ముందు బారులు తీరాల్సి వచ్చింది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే కారును ఎవరు మేపుతారు? వస్తాదులన్నీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కారుచౌకగా దొరికాయి. ఎన్నో తుక్కు కొట్టుకు చేరాయి. బతికి బయటపడ్డవాటికే ఇప్పుడింత గిరాకీ.

జాతకం చూడాల్సిందే!

ఇలాంటి కారు కొనడమంటే పెళ్లి సంబంధం చూసినంత పని. మొదట చూసేది 'నంబర్లు కలిశాయా' అని. కారు గుర్తింపు నంబరు, ఇంజిను మీది ముద్ర, గేర్‌బాక్స్ మీది ముద్ర... అన్నీ ఒకే బండివని తేలితే దాని విలువే వేరు. కుర్రాళ్లు రేసుల్లో ఇంజిన్లు పగలగొట్టి వేరేవి బిగించుకున్న కార్లు బోలెడు కాబట్టి అలా కలిసేవి తక్కువ. కర్మాగారంలో కార్మికుల కోసం ముద్రించిన కాగితం ఒక్కోసారి సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది. ఏ రంగు, ఏ ఇంజిను, ఏ ఇరుసు... అన్నీ అందులో ఉంటాయి. అది దొరికితే నిధి దొరికినట్టే!

తొలి జీటీఓల దగ్గర ఓ తిరకాసు ఉంది. 1964, 65ల్లో అది విడి మోడల్ కాదు, ప్యాకేజీ మాత్రమే. కాబట్టి గుర్తింపు నంబరు చూస్తే అది జీటీఓనో కాదో తెలియదు. నాడు యాజమాన్యం కళ్లుగప్పిన ఎత్తే నేడు కొనేవాళ్లకు తలనొప్పి! మామూలు కారుకు బ్యాడ్జీలు అతికించి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే అనుభవజ్ఞులు పాంటియాక్ పాత బిల్లుల రికార్డుల నకలు తెప్పించుకోకుండా డబ్బు తీయరు. చేతిలో ఓ అయస్కాంతం కూడా ఉంచుకుంటారు. తలుపుల కింద, చక్రాల పైన అది అతుక్కోలేదంటే అక్కడ ఇనుము లేదు... లప్పంతో పూడ్చి రంగేశారని అర్థం.

ఊడదీయడం తేలికే...

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ప్రతి భాగాన్నీ ఊడదీసే ముందు ఫొటో తీయాలి. ప్రతి బోల్టునీ సంచిలో వేసి చీటీ రాయాలి. రెండేళ్ల తర్వాత ఏది ఎక్కడిదో గుర్తుండదు మరి! డొల్లను పెద్ద ఇనుప చట్రానికి బిగించి, కాల్చే మొక్కజొన్న కండెను తిప్పినట్టు తిప్పుతూ అడుగుభాగాన్ని శుభ్రం చేస్తారు. తుప్పు తిన్న నేలరేకులు, డిక్కీ అడుగు, వెనక చక్రాల పక్క రేకులు కోసేసి కొత్తవి వెల్డింగ్ చేస్తారు. పాత నమూనాల ప్రకారం విడిభాగాలు తయారుచేసి అమ్మే కంపెనీలు చాలానే ఉన్నాయి. మస్టాంగ్, కమారోలకైతే డొల్ల మొత్తం కొత్తది దొరుకుతుంది.

ఇంజినుకూ శస్త్రచికిత్స తప్పదు. అప్పట్లో పెట్రోలులో సీసం కలిపేవారు. అది వాల్వులు కూర్చునే చోట అరుగుదలను ఆపేది. అమెరికా రోడ్ల మీద సీసం కలిసిన పెట్రోలును 1996 నుంచి నిషేధించారు. అందుకే ఇంజినును తిరగదోడేటప్పుడు వాల్వుల కింద గట్టి లోహపు రింగులు బిగిస్తారు.

పూర్తిగా బాగుచేయడానికి వెయ్యి గంటలు చాలకపోవచ్చు. షాపుకిచ్చి చేయిస్తే ఖర్చు లక్ష డాలర్లు దాటడం మామూలే. పెట్టినంత తిరిగి రాని సందర్భాలే ఎక్కువ. లాభం కోసమైతే ఈ జోలికి రావద్దన్నది ఈ రంగంలో తొలి పాఠం. సగం ఊడదీసి, డబ్బో ఓపికో అయిపోయి, అట్టపెట్టెలతో సహా అమ్మకానికి పెట్టిన కార్లే అందుకు సాక్ష్యం.

తోలడమూ విద్యే

తయారైన కారును తోలడం కొత్త కారు తోలినంత సుఖం కాదు. చలికి కార్బురేటర్ మొరాయిస్తుంది. చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. గట్టిగా నాలుగుసార్లు తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎయిర్‌బ్యాగులు లేవు. అరవైల నాటి చాలా కార్లలో నడుముకు కట్టుకునే బెల్టే దిక్కు. అందుకే కొందరు పాత డొల్ల కింద కొత్త బ్రేకులు, కొత్త ఇంజిను పెట్టుకుంటారు. దానికి 'రెస్టోమాడ్' అని పేరు. 'అలా చేస్తే ఇక అది ఏం కారు?' అంటారు సంప్రదాయవాదులు. ఈ తగువు ఇప్పట్లో తేలేది కాదు.

వీళ్లందరికీ పండగ ఆగస్టులో మూడో శనివారం. డెట్రాయిట్ శివార్లలోని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద సుమారు 26 కిలోమీటర్ల పొడవునా పాత కార్లు బారులు తీరతాయి. అరవైల్లో కుర్రాళ్లు సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పందేలు కాసిన రోడ్డే అది. 1995లో పిల్లల ఫుట్‌బాల్ మైదానానికి విరాళాల కోసం మొదలైన ఈ ఊరేగింపుకి ఇప్పుడు లక్షల్లో జనం వస్తారు. మడత కుర్చీలు వేసుకుని తాతలూ మనవలూ రోడ్డు పక్కనే కూర్చుంటారు.

సొట్టలే ఆస్తి

'బులిట్' సినిమా (1968)లో స్టీవ్ మెక్‌క్వీన్ తోలిన ఆకుపచ్చ మస్టాంగ్‌ను 1974లో ఓ మామూలు కుటుంబం కొనుక్కుంది. ఇంటావిడ దాంట్లోనే బడికి వెళ్లి పాఠాలు చెప్పేది. 1977లో మెక్‌క్వీనే తనకు అమ్మమని ఉత్తరం రాసినా ఇవ్వలేదు. 1980లో క్లచ్ పాడై కారు మూలపడింది. తండ్రీ కొడుకులు బాగుచేద్దామనుకుంటూనే ఏళ్లు గడిచాయి. 2014లో తండ్రి పోయాక కొడుకు ఆ పని పూర్తిచేశాడు. కొత్త రంగు వేయలేదు. సొట్టలు తీయలేదు. షూటింగులో కెమెరా బిగించడానికి చేసిన వెల్డింగులూ అలాగే ఉంచి, నడిచేలా మాత్రం చేశాడు. 2018లో ఆ కారు డెట్రాయిట్ ప్రదర్శనలో కనిపించాకే అదెక్కడుందో లోకానికి తెలిసింది. 2020 జనవరిలో వేలంలో కమీషన్‌తో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. ఏం బాగుచేయాలో తెలియడం ఒక ఎత్తయితే, ఏది ముట్టుకోకూడదో తెలియడం అంతకన్నా పెద్ద ఎత్తు.

డాడ్జ్ ఛాలెంజర్, షెవర్లే కమారోల తయారీ 2023 డిసెంబరుతో ఆగిపోయింది. ఇకపై పాతవే మిగులు. విడిభాగాలు దొరుకుతాయి. డబ్బున్నవాళ్లూ దొరుకుతారు. కానీ ఇంజిను చప్పుడు విని కార్బురేటర్ స్క్రూను పావు మలుపు తిప్పే పెద్దవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. కాన్సాస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీ పాత కార్ల పునరుద్ధరణలో నాలుగేళ్ల డిగ్రీ నడుపుతోంది. అదొక భరోసా. మిగతా చదువంతా ఇంటి షెడ్డులోనే... నాన్న పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడి, అడిగిన రెంచీ అందిస్తూ నేర్చుకోవాల్సిందే!