కాగితపు అంగీ

బట్టను కత్తిరించుట క్షణములో పని. కత్తిరించినదానిని మరల మునుపటివలె చేయుట ఎవ్వరికిని సాధ్యము కాదు. అందుచేతనే దర్జీలు మొదట కాగితమును కత్తిరింతురు. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దున నున్న న్యాల్‌కల్ మండలమందైనను, మరి యే పల్లెయందైనను, రవిక కుట్ట నేర్చుకొను బాలిక చేతికి ముందు వచ్చునది పట్టుబట్ట కాదు, పాత వార్తాపత్రిక. దీనినే మనవారు 'పేపరు కటింగు' అందురు.

అయితే ఒకరి కొలతలకు గీచిన కాగితము వేరొకరికి సరిపడదు. అమెరికా దేశమున మసాచుసెట్సు రాష్ట్రములోని స్టెర్లింగు గ్రామపు దర్జీ ఎబెనీజర్ బటరిక్ ఈ చిక్కును గుర్తించి, 1863లో ఒకే నమూనాను పలు కొలతలలో సిద్ధపరచి అమ్మ నారంభించెను. పలుచని కాగితము లగుటచే అవి మడతలు పడి టపాలో దూరదేశములకు సైతము చేరెడివి. నేడు టపాతో పనిలేదు. నమూనా కంప్యూటరునకే వచ్చును. ఇంట ప్రింటరు గలవారు ఇంటనే, లేనివారు జిరాక్సు దుకాణమునందు దానిని అచ్చు వేసికొందురు.

అంగీ పెద్దది, కాగితము చిన్నది. ఏ4 కాగితపు వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7 సెంటీమీటర్లు మాత్రమే. కావున నమూనాను గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిని ఒక్కొక్క కాగితముపై ముద్రింతురు. ఇచ్చటనే మోసము కలదు. ప్రింటరు కాగితపు అంచులలో కొంత చోటు వదలును. మిగిలిన చోటులో బొమ్మను ఇముడ్చుటకై ఒక్కొక్కప్పుడు చెప్పకయే దానిని కుదించును. కంటికి తేడా తోచదు. నూటికి 96 వంతులకు తగ్గిన దనుకొందము. ఛాతీవద్ద 36 అంగుళము లుండవలసిన అంగీ 34.56 అంగుళములకు దిగును. గుండీలు పెట్టబోవునప్పుడు గాని ఈ సంగతి తెలియదు. అప్పటికి, పండుగకని జహీరాబాదు అంగడిలో బేరమాడి తెచ్చిన బట్ట ముక్కలై యుండును.

దీనికి మందు నమూనాలోనే కలదు. సామాన్యముగా మొదటి పుటలో ఒక చిన్న చతురస్రము గీచి, భుజము 5 సెంటీమీటర్లనియో, 10 సెంటీమీటర్లనియో వ్రాసియుందురు. 'అసలు పరిమాణము', అనగా నూటికి నూరు, అను ఏర్పాటును ఎన్నుకొని ముందా పుట నొక్కదానినే ముద్రింపవలెను. చతురస్రమును నిలువునను అడ్డమునను కొలువవలెను. పాతబడిన గుడ్డటేపు సాగియుండును. బడిపిల్లల స్కేలే మేలు. 5 సెంటీమీటర్ల భుజము 4.8 వచ్చినదా, మిగిలిన పుటలు ముద్రింపరాదు.

తరువాత అతుకుట. ప్రతి కాగితమునకును కుడి అంచును, క్రింది అంచును గీతవెంట కత్తిరించి, తక్కిన రెండంచులను విడువవలెను. కత్తిరించిన అంచు పొరుగు కాగితపు గీతపై సరిగా కూర్చుండవలెను. మొదట అడ్డవరుసలను, పిమ్మట వరుసలను ఒకదానితో నొకటి అతికిన పని తేలిక. ఒక్క అతుకులో 2 మిల్లీమీటర్లు తప్పిన నేమి యని తోచవచ్చును. కాని నమూనాలో ముందుభాగము సగమే, వెనుకభాగము సగమే యుండును. బట్టను మడచి రెండింటిని జంటలుగా కత్తిరింతురు. రెండు సగములందును 2 మిల్లీమీటర్లు పోయినచో అంగీ చుట్టుకొలతలో 8 మిల్లీమీటర్లు పోవును.

నమూనాపై నున్న బాణపు గుర్తు బట్టలోని పడుగుపోగుల దిశను తెలుపును. దానిని లక్ష్యపెట్టనివారి అంగీ ఉతికిన పిమ్మట ఒకవైపునకు జారును. ఒకే కాగితముపై పలుకొలతల గీతలు ఒకదానిలో నొకటిగా ఉండుట కలదు. అట్టిదానిని కత్తెరకు అప్పగింపక, కావలసిన గీతను పాత వార్తాపత్రికపైకి ఎత్తి వ్రాసికొని దానినే కత్తిరింతురు. అసలు నమూనాను చుట్టి అటకపై నుంచినచో, మరుసటి యేట పిల్లవాడు ఎదిగినప్పుడు పై గీత సిద్ధముగా నుండును.