నెమ్ము చేసిన బిడ్డ ఊపిరి

పిల్లలకు వచ్చే నెమ్ము, అంటే న్యుమోనియా, ఊపిరితిత్తుల చిట్టచివర ఉండే గాలి సంచుల జబ్బు. 2019లో ప్రపంచమంతటా ఐదేళ్లలోపు పిల్లలు 7,40,000 మంది దీనితో చనిపోయారు. వైరస్‌ల వల్లా, బాక్టీరియా వల్లా వస్తుంది. బాక్టీరియాలో న్యుమోకాకస్ ముఖ్యమైనది.

జబ్బును పట్టిచ్చేది దగ్గు కాదు, ఊపిరి తీరు. సంచుల్లో చీము, నీరు చేరితే ఊపిరితిత్తి గంజి పట్టిన బట్టలా బిరుసెక్కుతుంది. దాన్ని నిండా సాగదీయాలంటే చాలా బలం కావాలి. అందుకే బిడ్డ లోతుగా పీల్చడం మాని కొద్దికొద్దిగా, గబగబా పీలుస్తుంది. జబ్బు ముదిరితే అదీ చాలదు. ఛాతీకి, పొట్టకు నడుమ ఉన్న కండరపు పొర మరింత గట్టిగా కిందికి లాగుతుంది. పెద్దవాళ్ల పక్కటెముకలు ఆ లాగుడుకు తట్టుకుంటాయి. పసిబిడ్డవి ఇంకా లేతవి, మృదులాస్థి ఎక్కువ, కాబట్టి వంగుతాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ కింది భాగం లోపలికి పోతుంది. డొక్కలు ఎగరేస్తున్నాడని తల్లులు చెప్పేది దీన్నే.

వైద్యులు చాలాకాలం స్టెతస్కోపులో వినిపించే గరగరనే నమ్ముకున్నారు. పాపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ బృందం 1984లో ఊపిరి లెక్కనూ డొక్కల కదలికనూ ముందుకు తెచ్చింది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే అనుమానించాలి.

ఇక మందుల సంగతి. చైనాలో ఈ జబ్బుకు యాంటీబయాటిక్‌తోపాటు ఎఫెడ్రా, ఆప్రికాట్ గింజ, జిప్సం, అతిమధురం కలిపిన ప్రాచీన కషాయం ఇస్తారు. ఎఫెడ్రాలోని ఎఫెడ్రిన్‌ను జపాన్ శాస్త్రజ్ఞుడు నగాయ్ నగయోషి 1885లో వేరుచేశాడు. అది శ్వాసనాళాలను విప్పారుస్తుంది. తెలుగు ఊళ్లలో దగ్గుకు వాడే అడ్డసరం ఆకులో వాసిసిన్ ఉంది. దాని నమూనా మీదే కఫం పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్, దాని నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చాయి. ఇవన్నీ పనిచేసేది శ్వాసనాళాల్లో. బాక్టీరియా ఉండేది సంచుల్లో. కషాయంతో జ్వరం, దగ్గు త్వరగా తగ్గాయన్న చైనా పరీక్షలు చాలావరకు చిన్నవి, లోపాలున్నవి. పక్క మందుగా తప్ప అసలు మందుకు బదులుగా దాన్ని వాడడానికి ఆధారం లేదు.

నిజమైన ముప్పు పసిపిల్లల ముక్కులో, గొంతులో వేసే ఆముదం, నూనె చుక్కలది. నీళ్లు పొలమారితే దగ్గు వస్తుంది. నూనె గొంతును రెచ్చగొట్టదు, చడీచప్పుడు లేకుండా లోపలికి జారిపోతుంది. శ్వాసనాళాల్లోని సన్నని వెంట్రుకలు దాన్ని పైకి నెట్టలేవు. సంచుల్లోని రక్షణ కణాలు దాన్ని మింగుతాయి కానీ చాలా నూనెలను అరిగించుకోలేవు. నూనె అక్కడే నిలిచి వాపు పుట్టిస్తుంది. దీన్నే లిపాయిడ్ న్యుమోనియా అంటారు. దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పొట్టమీద, ఛాతీమీద పెట్టే వాతలు చర్మాన్ని కాలుస్తాయే తప్ప ఊపిరితిత్తిని తాకవు. పైగా ఆసుపత్రికి పోవాల్సిన విలువైన గంటలను మింగేస్తాయి.

ఇక అసలు మందైన యాంటీబయాటిక్ సంగతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత ఆయన పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థ నుంచే, బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. నెమ్ము మీద పనిచేసిన తొలితరం యాంటీబయాటిక్‌లలో అదొకటి. నేడు మొదట ఇచ్చేది అమాక్సిసిలిన్. బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, పెదాలు నీలిబారినా ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి. కొల్లేటి లంకల నుంచి ఏలూరుకో తాడేపల్లిగూడేనికో చేరడానికి సమయం పడుతుంది కనుక అక్కడ ఊపిరి లెక్క తెలియడం మరీ అవసరం.

న్యుమోకాకస్ టీకా 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీకాల్లో భాగమైంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేస్తారు, డబ్బు కట్టనక్కరలేదు.