జూలూ నిఘంటుకర్త లిరువురు

దక్షిణాఫ్రికాయందలి జోహన్నెస్‌బర్గు నగరమున విట్‌వాటర్స్‌రాండు విశ్వవిద్యాలయము కలదు. అచ్చటి బంటుభాషాశాఖయందుఁ బనిచేసిన యిరువురు పండితులు కలిసి రచించిన జూలూ–ఆంగ్ల నిఘంటువు 1948 సంవత్సరమున వెలువడెను. వారిలో నొకఁడు క్లెమెంట్ మార్టిన్ డోక్, రెండవవాఁడు బెనెడిక్ట్ వాలెట్ విలకాజి. గ్రంథముఖమున నిరువురి నామములును గలవు. విద్యాశాలలో మాత్రము వారి పదవులకుఁ జాల నంతరము.

డోక్ 1893లో ఇంగ్లండునందలి బ్రిస్టలునఁ బుట్టెను. ఈతని తండ్రి జోసఫ్ డోక్ క్రైస్తవ మతాచార్యుఁడు. 1908లో జోహన్నెస్‌బర్గు వీథిలో దెబ్బలు తినిన గాంధీమహాత్మునిఁ దన యింట నుంచుకొని యుపచరించిన వాఁడును, 1909లో ఆయన ప్రథమ జీవితచరిత్రమును బ్రకటించినవాఁడును ఈ జోసఫే. కుమారుఁడు మొదట లాంబా జనుల నడుమ మతబోధకుఁడై వారి భాష నేర్చి, 1923లో విశ్వవిద్యాలయముఁ జేరి, క్రమముగా నాచార్యపదవి నందెను.

డోక్ పరిశోధన వ్యాకరణవేత్తల కాదరణీయము. అంతకుఁ బూర్వము పలువురు పాశ్చాత్యులు బంటుభాషలను లాటిను వ్యాకరణపుఁ జట్రములో నిమిడ్పఁ జూచిరి. «ఉముంటు» అనఁగా మనుష్యుఁడు, «అబంటు» అనఁగా మనుష్యులు. ఇందు వచనభేదము పదము మొదట నేర్పడును, విశేషణమును క్రియయు దాని ననుసరించి తమ యుపసర్గలను మార్చుకొనును. ఇట్టి భాషకుఁ దనదగు లక్షణమే కావలెనని డోక్ పట్టుపట్టెను. పదమనఁగా నేమి యను ప్రశ్నకు సయితము, వ్రాఁతను గాక యుచ్చారణయందలి ప్రధానమగు నూనికను బ్రమాణముగాఁ గొనెను.

1935 నాఁటి పరిభాషా గ్రంథమున నీతఁడు «ఐడియోఫోన్» అను క్రొత్త సంజ్ఞను జేసెను. ఇది మన యనుకరణమునకుఁ జేరువ యైనది. జూలూలో «థి» యనఁగా «అను». «థి న్యా» యనఁగా బొత్తిగా నిశ్శబ్దముగా నుండుట. తెలుఁగునందును గలగలమను, ఝల్లుమను, గుప్పుమను, జిగేలుమను అని «అను» ధాతువే తోడుపడుట చూడుఁడు. కాని జిగేలునం దనుకరింపఁదగిన ధ్వని యేది? వాసనకు ధ్వని యెక్కడిది? అనుకరణమను పేరు చాలదని తోఁచినచోట డోక్ కల్పించిన సంజ్ఞ యుపకరించును. రెండు భాషలకును జుట్టఱికము లేకున్నను, ఈ సామ్యము విచారింపఁదగినదే.

విలకాజి 1906లో నేటాలునందలి గ్రౌట్‌విల్లునఁ బుట్టెను. మరియన్‌హిల్లున నుపాధ్యాయశిక్ష నొంది, బడులలోఁ బాఠములు చెప్పుచునే యుత్తరముల మూలమునఁ జదివి 1934లో బి.ఏ. పట్టము గాంచెను. 1935లో నీతని «ఇంకొండ్లో కాజూలూ» వెలువడెను. జూలూభాషలో నచ్చుపడిన మొదటి కవితాసంపుట మిదియే. పిదప శ్వేతజాతి విశ్వవిద్యాలయమునఁ బాఠము చెప్పిన తొలి యాఫ్రికనుఁ డయ్యెను. కాని నియామకపత్రమున నుపన్యాసకుఁ డని లేదు, భాషాసహాయకుఁ డని యున్నది. డోక్ విలకాజి సాయమును దన గ్రంథమునఁ బేరుతో నంగీకరించుట మెచ్చఁదగినది. విద్యాశాల మాత్ర మంత యుదారముగా నుండలేదు.

విలకాజి ప్రధానచింత కవిత్వము. ఆంగ్ల పద్ధతిని పాదాంతప్రాసను జూలూలోనికిఁ దెచ్చుటను డ్లొమొ యను స్వదేశకవి యాక్షేపించెను. శబ్దాంతములు దాదాపుగా నచ్చులే యగు భాషయందుఁ బ్రాస సులభమే కాని యందము తక్కువ. 1945 నాఁటి «అమలెజూలూ»లోఁ బ్రాస చాలవఱకు సడలినది. ప్రాచీన రాజస్తుతి పద్యముల గతి యందు బలపడినది. 1946లో ఙ్గూనీ వాఙ్మయముపైఁ బరిశోధించి డాక్టరు పట్టము నందెను. నల్లజాతివారిలో దక్షిణాఫ్రికాయం దా పట్టముఁ బొందినవారిలో నీతఁడే మొదటివాఁడు.

1947 అక్టోబరు 26వ తేదిని, నలువదియొకటవ యేట, మెదడు పొరల వాపుచే మరణించెను. మఱుసటి సంవత్సరమున నచ్చుపడిన నిఘంటువును జూచు భాగ్య మాతనికిఁ గలుగలేదు. డోక్ 1953లో నుద్యోగము విడిచెను. ఆంగ్లమునుండి జూలూకు నిఘంటువు 1958లో మాల్కం, సికకానలతోఁ గూడి యాతఁడు ప్రకటించెను.