మసూరి: ఒక పేరు, పెక్కు వస్తువులు

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా యని మన పెద్దలు సామెత చెప్పుదురు. మొలవదు, అది నిజమే. కాని మనము పలుకు పేరొకటియు, సంచిలోని విత్తు వేరొకటియు నైనచో, మొలచిన పైరు మనము తలచినది గాకపోవుటలో వింత లేదు. అట్టి చిక్కునకు మిగుల తావిచ్చుచున్న పేరు మసూరి. "ఏమి విత్తనము చల్లినారు?" అని గ్రామములలో అడిగినపుడు "మసూరి యండీ" యను ప్రత్యుత్తరము తరచుగ వచ్చుచుండును. ఆ మాటవలన పంటకాలమెంతయో తెలియదు. ఏ తెగులునకు లోనగునో తెలియదు. నీట మునిగిన నిలుచునో కుళ్లునో తెలియదు. ఈ పేరు ఎచ్చటెచ్చట తిరుగుచున్నదో, ఎవరెవరికి చెల్లుచున్నదో చూచినచో, పేరును మాత్రమే నమ్మి విత్తనము కొనుట యెట్టిదో రైతు సోదరులకు తేటపడును.

వరికి ఆ పేరు వచ్చిన దారి

మలేషియా దేశమున లంకావి యను దీవి కలదు. మహసూరి యను యువతి కథ నచ్చటి జనులు నేటికిని చెప్పుకొందురు. చేయని నేరమును ఆమెపై మోపి చంపించిరనియు, ఆమె దేహమునుండి తెల్లని రక్తము స్రవించెననియు, ఏడు తరముల వరకు దీవి బాగుపడకుండునట్లు ఆమె శపించెననియు ఆ కథ. 1821లో సయాము సేనలు కెడా రాజ్యముపై దండెత్తినపుడు, శత్రువులకు తిండిగింజ దొరకకుండుటకై దీవివారు తమ ధాన్యమునకు తామే నిప్పు పెట్టిరని చెప్పుదురు. వాన కురిసిన పిమ్మట కాలిన బియ్యపు గింజలు పైకి తేలుననెడు స్థలమును నేటికిని యాత్రికులకు చూపుదురు.

ఆ దేశమున నొక వరికిని ఈ పేరే కలిగినది. కాని దాని పుట్టుక మన దేశముతో ముడివడియున్నది. 1950 తరువాతి సంవత్సరములలో, ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ పూనికతో, కటకము నందలి కేంద్ర వరి పరిశోధనాలయమున జపాను జాతి వరులను మన వైపు జాతులతో సంకరపరచు పని జరిగినది. తైచుంగ్ 65 అను తైవాను రకమును, మాయాంగ్ ఎబోస్ 80 అను మలయా రకమును కలుపగా వచ్చిన సంతతినుండి మలేషియావారు ఏరి తీసి, 1965లో మహసూరి యను పేర విడుదల చేసిరి. పిమ్మట నది మన దేశమునకు చేరినది. మన నోట "హ" జారిపోయి మసూరి యైనది. దాని కాడ పొడవు. ఎరువు హెచ్చినచో పడిపోవును. అయినను అన్నము రుచిగా నుండుటచేత రైతులు దానిని విడువలేదు. పరిశోధకులును దానిని తల్లిదండ్రుల వరుసలో చేర్చుకొనిరి.

పేరే గాని చుట్టరికము లేనివి

ఉత్తరాఖండమున డెహ్రాడూనుకు ఎగువను, సముద్రమట్టమునకు సుమారు 2000 మీటర్ల యెత్తున నొక కొండ పట్టణమున్నది. మనము ముస్సోరి యందుము. హిందీలో వ్రాయునపుడది అచ్చముగ మసూరీయే. అచ్చట పెరుగు మన్సూర్ అను పొదవలన ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. మన జిల్లాలకు వచ్చు ఐ.ఏ.ఎస్. అధికారులు శిక్షణ పొందు జాతీయ విద్యాలయము 1959 నుండి ఆ యూరనే యున్నది. "మసూరిలో చదివి వచ్చిన కలెక్టరుగారు" అని యెవరైన ననినచో, వరి సంగతి చదివి వచ్చినారని తలపరాదు.

ఆ ప్రాంతపు గనులనుండి తీసిన రాతి భాస్వరమును "మసూరీ ఫాస్" అను పేర ఎరువుగా అమ్మిరి. అది పుల్లనేలలకు, ముఖ్యముగ కేరళ రబ్బరు తోటల వంటి వానికి, పనికివచ్చినది. క్షారగుణము గల నల్లరేగడిలో నది సులభముగ కరగదు. పేరు కలిసినదని మసూరీ ఎరువు మసూరి వరికి తగినదగునా?

ఇక మసూర పప్పు. ఇది ఉత్తరదేశపు రబీ పంట. సంస్కృతమున మసూరము, మన అంగళ్లలో ఎర్ర కందిపప్పు అనియు, మైసూరు పప్పు అనియు పిలుతురు. అది కందియు గాదు, దానికి మైసూరు పట్టణముతో పనియు లేదు. ఆయుర్వేదులు మశూచి వ్యాధిని మసూరిక యనిరి; ఆ పొక్కులు మసూర గింజలవలె నుండుటయే కారణము. ఆ వ్యాధి లోకమున లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. రోగము పోయినది, పేరు మిగిలినది.

మన పొలములలోని మసూరులు

పైవానిని ఎవరును ఒకదానికొకటిగా భ్రమింపరు. కొండను చూచి పప్పనువారు లేరు. అసలు ప్రమాదము ఒకే పోలికగల గింజలు ఒకే పేరుతో తిరుగుచోట నున్నది.

బాపట్ల పరిశోధన స్థానమున సోనా యను రకముతో మసూరిని కలుపగా వచ్చినది సోనా మసూరి, అనగా బి.పి.టి. 3291. అచ్చటనే జి.ఇ.బి. 24, టి.ఎన్. 1, మసూరి యను మూడింటి సంతతిగా 1986లో వెలువడినది సాంబ మసూరి, బి.పి.టి. 5204. సాంబ యనునది తమిళుల వరికిని, వరి కాలమునకును పేరు. సాంబశివునితో దానికి సంబంధము లేదు. మారుటేరున వశిష్ఠతో మసూరిని కలిపి 1982లో విడుదల చేసినది స్వర్ణ, ఎం.టి.యు. 7029, దీనినే కొందఱు స్వర్ణ మసూరి యందురు. సోనా యన్నను స్వర్ణ యన్నను బంగారమే. కాని రకములు రెండును వేరు.

ఇంకొక చిత్రము చూడుడు. జగిత్యాలలో పుట్టిన జె.జి.ఎల్. 1798 సాంబ మసూరికి బిడ్డయే; దాని పేరున మసూరి లేదు. 2015లో రాజేంద్రనగరునుండి వచ్చిన ఆర్.ఎన్.ఆర్. 15048ను తెలంగాణ సోనా యందురు. దాని తల్లిదండ్రులు ఎం.టి.యు. 1010, జె.జి.ఎల్. 3855 గాని సోనా మసూరి గాదు. హెచ్.ఎం.టి. యను మూడక్షరములు ఏ పరిశోధన స్థానమువియు గావు. మహారాష్ట్రమునందలి చంద్రపురము జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన చేనిలో ఏరి పెంచిన సన్నరకమునకు, నాడు ప్రసిద్ధమైన చేతి గడియారము పేరు పెట్టిరి. చుట్టరికమున్నచోట పేరు లేదు. పేరున్నచోట చుట్టరికము లేదు.

పేరువలన కలుగు నష్టము

మొదటిది పంటకాలము. సాంబ మసూరి సుమారు 150 దినముల పైరు. తెలంగాణ సోనా సుమారు 125 దినములది. "సోనా" యను మాట విని స్వల్పకాలపు రకమనుకొని, ఆలస్యముగ దీర్ఘకాలపు విత్తనము నారు పోసినవాని గతి యేమి? ఇరువదియైదు దినములు! కాలువ చివరి భూములకు అంతలో నీరు కట్టువడును. వరిచేలలో మినుము చల్లు అదను దాటిపోవును.

రెండవది తెగులు. సాంబ మసూరికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు దానికే ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని సిద్ధపరచిరి. అది 2008లో విడుదలయ్యెను. గింజ చూచి రెంటిని వేరు చేయలేము. తెగులు దిగిననాడు గాని తేడా బయటపడదు. స్వర్ణ సంగతియు నట్టిదే. 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 రెండు వారముల వరకు ముంపును తట్టుకొనును. పాత స్వర్ణ కుళ్లిపోవును. చేను నీట మునిగి లేచిననాడు తెలిసినచో ఏమి లాభము?

సభ్యులకు మనవి

1. విత్తనమును పేరుతో గాక అంకెతో అడుగుడు. బి.పి.టి. యన్న బాపట్ల, ఎం.టి.యు. యన్న మారుటేరు, జె.జి.ఎల్. యన్న జగిత్యాల, ఆర్.ఎన్.ఆర్. యన్న రాజేంద్రనగరు. అక్షరములు పుట్టినయూరు, అంకె దాని గుర్తు.

2. సంచికి కుట్టిన చీటీ చదువుడు, చదువురానివారు చదివించుకొనుడు. ధ్రువీకృత విత్తనమునకు నీలి చీటీ యుండును. దానిపై రకము, లాటు సంఖ్య, పరీక్ష చేసిన తేదీ చూడుడు. వరికి మొలక నూటికి 80కి తక్కువ కారాదు.

3. రకపు అంకెయు, లాటు సంఖ్యయు రసీదున వ్రాయించుకొనుడు. రసీదు, చీటీ, ఖాళీ సంచి, గుప్పెడు విత్తనము కోతలగు వరకు దాచుడు. విత్తనము కొన్న రైతు కూడ వినియోగదారుడేయని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని ఆధారము చేత లేనివాడు వినియోగదారుల కమిషను గుమ్మమెక్కి యేమి చెప్పగలడు?

4. పొరుగువాని చేనినుండి విత్తనము తెచ్చుకొనుట తప్పుగాదు. తన పంటనుండి విత్తనము దాచుకొనుటకు, మార్చుకొనుటకు, వ్యాపార ముద్ర వేయక అమ్ముకొనుటకు 2001 నాటి చట్టము రైతునకు హక్కు నిచ్చినది. అయితే ఇచ్చువాడు అంకె చెప్పవలెను. తెచ్చుకొన్నవాడు సంచిపై నదే వ్రాయవలెను. కళ్లమున రెండు రకములు కలియరాదు.

5. సంఘపు పుస్తకములలో "మసూరి, 20 సంచులు" అని వ్రాయు వాడుక మానవలెను. గుమాస్తా అంకె వ్రాయనిచో సభ్యుడు సంతకము చేయక అడుగవలెను.

బియ్యము కొనువానికి పేరు చాలును. వండి తినినచో మంచిచెడులు ఆ పూటనే తెలియును. విత్తువానికి అవి తెలియుటకు అయిదు నెలలు పట్టును. కావున ఈ యేడు నారుమడికి ముందుగా సంచి చీటీపై అంకె చూచుకొనుడు.