సప్లీ రాసిన చేతులు

2021 బ్యాచ్‌లో బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేరి, మొదట్లోనే తప్పి, సప్లిమెంటరీలు రాసుకుంటూ గట్టెక్కిన అమ్మాయి తన మార్కుల మెమోలన్నీ మంచం మీద పరిస్తే విశ్వవిద్యాలయం పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కనిపించవచ్చు. విజయవాడలో 1986లో మొదలైన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022లో అది వైఎస్సార్ విశ్వవిద్యాలయమైంది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. ఆ గొడవలతో ఈ అమ్మాయికి పనిలేదు. ఆమె చూసుకునేది ఒక్కటే: అనాటమీ, ఫిజియాలజీ ఎదురుగా 'పాస్' అని ఉందా, లేదా.

పరీక్ష తప్పడాన్ని హాస్టళ్లలో సప్లీ అంటారు. ఇంట్లో మాత్రం 'తప్పింది' అంటారు. ఒకటే సంగతి, రెండు మాటలు. సప్లీ అంటే ఇంకో ఆరు నెలల పని. తప్పింది అంటే చుట్టాల పెళ్లిలో అమ్మ తల దించుకోవడం.

అవనిగడ్డ, నాగాయలంక, కైకలూరు, గుడివాడ వైపు నుంచి పల్లెవెలుగు బస్సెక్కి నెహ్రూ బస్టాండులో దిగే ఆడపిల్లల్లో నర్సింగ్ చదువుకొచ్చేవాళ్లు చాలామందే. విజయవాడలో ప్రభుత్వ పెద్దాసుపత్రి, సూర్యారావుపేట నిండా ప్రైవేటు ఆసుపత్రులు, అటు చినఅవుటపల్లి, ఇటు చినకాకాని ఆసుపత్రులు, మంగళగిరిలో ఎయిమ్స్. పోస్టింగులకు మంచాలున్నాయి, చదివితే ఉద్యోగం ఉంది, కొంచెం ధైర్యం చేస్తే గల్ఫూ ఉంది. తండ్రి ఎకరం కౌలు రైతు అయినా సరే కూతుర్ని ఈ చదువులో పెట్టడానికి వెనకాడకపోవడానికి ఇదే కారణం.

తప్పేది ఎక్కడ? రోగి దగ్గర కాదు. బీపీ చూడటం, పక్క సర్దడం, ముసలాయన్ని పట్టుకుని లేపి కూర్చోబెట్టడం లాంటివి పల్లెటూరి పిల్లకు కొత్త కాదు. ఇంట్లో నాయనమ్మకు చేసిందే. అసలు చిక్కు పేపర్లో ఉంది. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివినప్పుడు క్లోమం, ప్లీహం, మహాధమని అని నేర్చుకున్న పిల్లకు ఒక్క వేసవి దాటేసరికి పాంక్రియాస్, స్ప్లీన్, అయోర్టా వచ్చిపడతాయి. అవయవం అదే, అది చేసే పనీ తెలుసు, రాయాల్సిన మాటే తెలియదు. నర్సింగ్ బోధన ఇంగ్లిషులోనే సాగాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. దానికి తోడు మొదటి సెమిస్టరులో అనాటమీ, ఫిజియాలజీ కలిపి ఒకే పేపరు. ఎముకల పేర్లు బట్టీపట్టి సగం దాకా వచ్చినా మూత్రపిండం వడపోతను ఇంగ్లిషులో వివరించలేక రెండో సగంలో చేతులెత్తేస్తారు.

ఇంకో నియమం మరీ కటువు. థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా 50 శాతం రావాలి. రెండింట్లో ఏది తప్పినా రెండూ మళ్లీ రాయాలి. ఎగ్జామినర్ ముందు డ్రెస్సింగ్ తీరుగా చేసి మెప్పు పొందిన పిల్ల, రాత పేపర్లో రెండు మార్కులు తగ్గితే ఆ డ్రెస్సింగ్ మళ్లీ చేసి చూపించాలి. వచ్చిన పనిని రానట్టు మళ్లీ నిరూపించుకోవడం ఎంత విసుగో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నర్సుకు రెండూ కలిస్తేనే వృత్తి అన్నది కౌన్సిల్ ఉద్దేశం. ఉద్దేశం సబబే, దెబ్బ మాత్రం చేతిపని బాగా వచ్చినవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది.

అదే కౌన్సిల్ తలుపు మూసెయ్యలేదు కూడా. సెమిస్టరు పద్ధతి తెచ్చిన 2021 నాటి నిబంధనల ప్రకారం నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలోపు ఎప్పుడైనా పూర్తిచేయవచ్చు. ఒకటో సెమిస్టరులో తప్పినా తర్వాతి తరగతులకు వెళ్లనిస్తారు. అయితే అయిదో సెమిస్టరు పరీక్షకు కూర్చునేలోపు పాత బాకీలన్నీ తీరాలి. పుస్తకంలో ఉన్న ఈ ఎనిమిదేళ్లు ఇంటి లెక్కలో ఉండవు. తప్పిన పిల్లకు ఇల్లు ఇచ్చే గడువు సాధారణంగా తర్వాతి సంబంధం వచ్చేదాకా. హాస్టల్ ఖాళీ చేసి ట్రంకుపెట్టెతో ఊరెళ్లిన పిల్ల మళ్లీ కాలేజీ గేటు దాటాలంటే చదువుకన్నా ముందు నాన్నను ఒప్పించాలి.

ఆడవాళ్లు ఆగిన చదువుకు తిరిగి రావడానికి ఓ దారి ఉండాలని తెలుగు నేలలో ముందే పట్టుబట్టిన మనిషి దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. బడిలో ఇంగ్లిషు మీడియం రుద్దుతున్నారని కోపగించి పన్నెండేళ్ల వయసులోనే చదువు మానేసింది. ఆ తర్వాత ఖద్దరు, ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు. జైలు నుంచి వచ్చాక వదిలేసిన చదువును మళ్లీ పట్టుకుంది. ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, 1942 నాటికి మద్రాసులో లా పట్టా. అలిగి వదిలిన ఇంగ్లిషులోనే కోర్టులో వాదించింది, రాజ్యాంగ సభలో మాట్లాడింది.

ఆమె ఒక్కతే గట్టెక్కి ఊరుకోలేదు. మద్రాసులో తనలాగే చదువు ఆగిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్‌కు పాఠాలు చెప్పించింది. ఆంధ్ర మహిళా సభ ఆ పాఠాల చుట్టూనే పెరిగింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు దేశానికి నర్సులు, మంత్రసానులు, టీచర్లు, గ్రామసేవికలు కావలసి వచ్చారు. వెతికితే ఆ శిక్షణలో చేరడానికి సరిపడా చదువున్న ఆడవాళ్లు పల్లెల్లో దొరకలేదు. అందుకని 1958లో పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టించింది. ఏళ్లకేళ్లు పట్టే బడిచదువును కుదించి, రెండేళ్లలో మెట్రిక్ దాకా తెచ్చే ఏర్పాటు. చిన్నప్పుడే పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు పలక పట్టి, ఆపైన నర్సింగ్ శిక్షణకు వెళ్లారు. వాళ్లకు ఆమె దయ చూపించలేదు, పరీక్ష రాయించింది. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోదగ్గ తేడా బహుశా ఇదే.

నేటి నిచ్చెనకూ మెట్లున్నాయి. రిజిస్టరైన ఏఎన్ఎం (సహాయక నర్సు) జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరవచ్చు. జీఎన్ఎం పూర్తిచేసినవాళ్లకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. ఉంది. బి.ఎస్సీ.లో నిలదొక్కుకోలేక జీఎన్ఎంకు మారి, పదేళ్లు వార్డులో పనిచేసి, పిల్లలు బడికెళ్లే వయసులో మళ్లీ బెంచీ మీద కూర్చోవడానికి నిబంధనలు అడ్డురావు.

కృష్ణా డెల్టా ఇళ్లు ఆశపడే అమెరికాలో తప్పడం మామూలు వ్యవహారం. అక్కడ నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షలో తప్పితే 45 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. అయిదు గంటలు, 85 నుంచి 150 ప్రశ్నలు. తప్పినవాళ్లకు ఏ అంశంలో గీతకు పైనున్నారో, ఏ అంశంలో కిందున్నారో చూపే నివేదిక కూడా ఇస్తారు. మన మెమోలో అంకె ఉంటుంది, కారణం ఉండదు. కారణం వెతుక్కోవడం పిల్ల వంతు, లేదంటే ఓపికున్న ట్యూటర్ వంతు.

నర్సింగ్ కాలేజీల్లో దీపం పట్టుకుని చదివే నైటింగేల్ ప్రమాణమూ ఆ అమెరికా నుంచి వచ్చిందే. అది నైటింగేల్ రాసింది కాదని తెలిస్తే చాలామంది విద్యార్థినులు ఆశ్చర్యపోతారు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో తయారైన పాఠమది. ఇండియా గురించి నైటింగేల్ ఎక్కువగా రాసింది పారిశుధ్యం మీద, కాలవల మీద. బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ సాగునీటి పథకాల తరఫున గట్టిగా వాదించింది కూడా. అలాంటి పథకాల్లో ఒకటైన బెజవాడ ఆనకట్ట కృష్ణ మీద 1855లో పూర్తయింది. ఆ ఆనకట్ట కాలవగట్టు పక్కనే బస్సులో పోతూ సప్లీకి చదువుకునే పిల్లకు ఈ చుట్టరికం సిలబస్‌లో ఉండదు.

చదువుకు తిరిగొచ్చిన పిల్లకు మొదటి ఇబ్బంది పుస్తకం కాదు, పిలుపు. స్కిల్ ల్యాబ్‌లో తనకన్నా చిన్నవాళ్ల మధ్య నిలబడితే వాళ్లు 'అక్కా' అంటారు. నాలుగు రోజులు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. తర్వాత ఎవరో ఒకమ్మాయి దుప్పటి అంచు పరుపు కిందికి ఎలా మడవాలో తెలియక 'అక్కా, ఒకసారి చూపించవా' అని అడుగుతుంది. ఆమె వంగి, చూడకుండానే మడత వేసి లేస్తుంది. సాయంత్రం హాస్టల్ వరండాలో అదే అమ్మాయి ఎదురుగా కూర్చుని ఆమెచేత నెఫ్రాన్ స్పెల్లింగ్ అప్పజెప్పించుకుంటుంది.