జింకల మంద ఎందుకు పెరిగినది? ఎట్లు నశించినది?

అలాస్కాకు పడమట, బేరింగు సముద్రమధ్యమున సెయింట్ మాథ్యూ అను నిర్జనద్వీపము గలదు. 1944లో, రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగా, అమెరికా తీరరక్షకదళమువారు అచ్చటి తమ సిబ్బందికి ఆపత్కాలమున ఆహారముగా నుపకరించునని 29 రెయిన్‌డీర్ జింకలను ఆ దీవిలో దింపిరి. కొలదికాలమునకే సిబ్బంది వెడలిపోగా, తోడేళ్ల భయ మెరుగని యా జింకలు, నేలనెల్ల దట్టముగా గప్పియున్న లైకెన్లను మేయుచు, 1957 నాటికి సుమారు 1,350గను, 1963 నాటికి సుమారు 6,000గను వృద్ధిచెందినవి. ఇంత వేగమెట్లు సాధ్యమైనది? వడ్డీకి వడ్డీ చేరినట్లు, పుట్టిన పిల్లలు తామును తల్లులగుచుండుటచేత.

అయితే, బాలలారా, మంద పెరిగినంత త్వరగా మేత పెరుగదు. లైకెను మిక్కిలి నెమ్మదిగా పెరుగునది. గిట్టలక్రింద నలిగినచో మరల కోలుకొనుటకు దశాబ్దములు పట్టును. ఒక ప్రదేశము ఎన్ని ప్రాణులను ఎడతెగక పోషింపగలదో ఆ మితిని శాస్త్రజ్ఞులు ధారణశక్తి యందురు. దాని నతిక్రమించిన మంద రేపటి మేతను నేడే తినివేయును. 1963–64 శీతకాలమున తీవ్రముగా మంచు కురియగా, అప్పటికే బక్కచిక్కియున్న జింకలు మూకుమ్మడిగా మరణించినవి. 1966లో లెక్కింపగా మిగిలినవి 42. వానిలో మగది ఒక్కటే, అదియు సంతానయోగ్యముగా గానరాలేదు. నేరమంతయు మంచుపై మోపుట నాకు న్యాయముగా దోపదు. కడుపునిండిన మందయైనచో కొంతయైన నిలిచియుండెడిది. 1980ల నాటికి ఆ దీవిలో ఒక్క జింకయు మిగులలేదు.